మూడో మెట్టు

జూన్ 2

గాలిమెట్ల మేస్త్రమ్మకి తాత రాసేది ఏమిటంటే,

ముందు ఈ కవర్ల సంగతి తేల్చు. పోస్టాఫీసులో పది కవర్లు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టాను. నాలుగు రోజులు తిరక్కుండా పదికి పదీ వాటంతటవే మూతులు అంటించుకుని కూర్చున్నాయి. లోపల ఒక్క ముక్క లేదు, చెప్పడానికి ఒక్క మాట లేదు, అయినా ఆ బిగింపు చూడు, అచ్చం మీ నాన్న అలిగినట్టే. సముద్రపు గాలికి జిగురు తడిసిపోతోందిట. తడిస్తే ఊడాలి గాని అంటుకోవడమేమిటని పోస్టుమాస్టర్ని అడిగాను. "మీరు కాస్త గబగబా రాయండి తాతగారూ" అన్నాడు. ఈ కవర్ని కత్తితో విప్పబోతే చినిగింది. చినిగిన చోట మా చెల్లి దారంతో కుట్టేసింది. కుట్లు విప్పుకుని చదువుకో. పై గదిలో కుట్టు క్లాసు మొదలెట్టేదాకా దాని చెయ్యి ఊరుకోదు. నిన్న నా తువ్వాలుకి కూడా జేబు కుట్టింది. తువ్వాలుకి జేబెందుకే అంటే, "నీ కళ్ళజోడు పెట్టుకో, ఇల్లంతా వెతికి చస్తున్నాను" అంది.

ఫోన్ చేసి మాట్లాడొచ్చు కదా అని మళ్ళీ అనకు. నువ్వు "భోంచేశావా" అంటే నాకు "మోసం చేశావా" అని వినిపిస్తోంది. నేను ఉలిక్కిపడి "లేదు" అంటున్నాను. ఉత్తరమైతే ఆ గొడవ లేదు.

నీ మెట్ల గురించి చెబుతాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు. పదిహేడు పలకలు గోడలోంచి బయటికొచ్చి నిలబడ్డాయి. కింద ఒక కాలు లేదు, పక్కన ఒక దూలం లేదు. బీరువా సొరుగులన్నీ లాగి, మళ్ళీ తొయ్యడం మర్చిపోయినట్టుంది. పోస్టుమాన్ "మిగతా సగం ఎప్పుడు కడతారండీ" అని అడిగాడు. మిగతా సగం సముద్రం పట్టుకెళ్ళిందన్నాను. పాపం, నమ్మి చాలాసేపు బాధపడ్డాడు.

పై గదికి సున్నాలు అయ్యాయి, కిటికీలు పెట్టారు. మెట్ల చెక్కకి వడ్రంగి నూనె పాలిష్ పట్టించి వెళ్ళాడు. పన్నెండు మంది ఆడవాళ్ళు క్లాసులో పేర్లు రాయించుకున్నారు. ఎనిమిది కుట్టు మిషన్లు ముందు గదిలో ఉన్నాయి, నేను వాటి మధ్య నుంచి పక్కకి తిరిగి నడుస్తున్నాను. ఇరవై అయిదో తారీకున క్లాసు మొదలు. దానికి ముందే మిషన్లు పైకి ఎక్కిస్తారట.

ఇంకేమీ లేవు విశేషాలు. మూడో మెట్టు గోడలోకి దూరే చోట, దాని కింద గోడ మీద, టీ ఒలికినట్టు వేలెడు చార కనిపిస్తోంది. టీ నేను ఒలకబొయ్యలేదు. ఈసారి నిజంగానే.

ఇట్లు,
కవర్లతో కుస్తీ పడుతున్న నీ తాత

జూన్ 6

తాతా,

నీ కవరు కుట్లు విప్పడానికి పది నిమిషాలు పట్టింది. నవ్వుకుంటూనే చదివాను, చివరి మూడు లైన్ల దాకా. ఇంత పెద్ద సంగతిని "ఇంకేమీ లేవు విశేషాలు" తర్వాత రాస్తావా!

జాగ్రత్తగా చదువు. ఆ మెట్లు గాల్లో నిలబడ్డట్టు కనిపిస్తాయి గాని, గోడలో ఒక స్టీలు స్తంభం దాక్కుని ఉంది. ఆ స్తంభం నుంచి ఒక్కో మెట్టుకి ఒక్కో చెయ్యి బయటికొస్తుంది. ఆ చెయ్యి స్తంభానికి అతికిన చోట ఉన్న వెల్డింగే మొత్తం బరువు మోసేది. పైన చెక్క పలకలు కాలికి సుఖంగా ఉండటానికి అంతే. మామూలు మెట్లకైతే ఒక అతుకు పాడైనా పక్కనున్నవి పట్టుకుంటాయి. వీటికి ఆ ఆసరా లేదు. ఏ మెట్టు బరువు ఆ మెట్టుదే.

అక్కడి గాలి సంగతి నీకు చెప్పాలా! ఉప్పూ తడీ కలిసి మామూలు ఇనుముని ఏడాదిలో తినేస్తాయి. అందుకే నేను సముద్రం పక్కన వాడే స్టెయిన్‌లెస్ స్టీలు, దానికి సరిపోయే వెల్డింగ్ కడ్డీలూ తెప్పించాను. చెక్క పలకల మధ్య నీళ్ళు జారడానికి సందులు పెట్టాను. నీళ్ళు గోడలోకి పోకుండా ఒక్కో మెట్టూ బయటివైపుకి కాస్త వాల్చి పెట్టించాను. ఇంత చేశాక చార ఎందుకొచ్చింది?

రెండే కారణాలుంటాయి. ఉప్పు పేరుకుని పైపైన మరక పడి ఉండాలి. అదైతే మంచినీళ్ళతో తుడిస్తే పోతుంది. లేదా లోపల, అతుకు దగ్గర తుప్పు పట్టి అది బయటికి కారుతూ ఉండాలి. అది రెండోదైతే తాతా, నాకు రాయడానికే చెయ్యి రావట్లేదు. ఆ మెట్ల మీద ఇద్దరు మనుషులు ఇనప కాళ్ళ మిషన్ మోసుకుంటూ ఎక్కుతారు. తర్వాత రోజూ పన్నెండు మంది.

నువ్వు చార తుడిచి, మళ్ళీ వస్తుందేమో చూడు. చేత్తో తట్టి చూడు. స్టెయిన్‌లెస్ స్టీలుకి అయస్కాంతం అంటుకోదు, ఎక్కడైనా దొరికితే పెట్టి చూడు. మీ చెల్లికి, అదే మా మామ్మకి మాత్రం చెప్పకు. సందుల్లోంచి నేల కనిపించే మెట్లు ఎక్కనంటే ఎక్కనని తను రెండు వారాలు మొండికేసింది. నేను ఒక్కో మెట్టు మీదా ఎగిరి దూకి చూపిస్తే గాని నమ్మలేదు. ఇప్పుడు అనుమానం అంటే ఇక జన్మలో ఎక్కదు.

మా మేడమ్ సంతకం లేకుండా నేనొక్కదాన్నే చేసిన మొదటి పని అది. ఇక్కడ స్లాబు పని జరుగుతోంది, నెలాఖరు దాకా సెలవివ్వరు. వెంటనే రాయి. జోకులు తగ్గించి రాయి.

నీ మనవరాలు

జూన్ 9

జోకులు తగ్గించమన్న మేడమ్ గారికి,

తగ్గించాను. పై మాటే ఆఖరిది.

చార తుడిచాను. మర్నాటికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుడిచాను. మళ్ళీ వచ్చింది.

అయస్కాంతం కోసం ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. మా చెల్లి గుండుసూదులు ఏరుకునే అయస్కాంతం ఉంది కదా, అది నా చొక్కా జేబులోకి వచ్చేసింది. మా చెల్లి ఇల్లంతా వెతికింది. నా ముందు చేతులు ఊపుతూ అరిచింది గనక నాకు వినపడింది.

"అన్నయ్యా, నా అయస్కాంతం చూశావా?"

"చూశాను. బాగుంటుంది."

"ఎక్కడుంది?"

"ఇనుము ఉన్నచోట."

"సూదులు కింద పడ్డాయి, ఎలా ఏరను నేను?"

"చెప్పులు విప్పి నడువు, అవే దొరుకుతాయి."

తర్వాత చీపురు అందుకుంది. ఆ భాగం నీకు అనవసరం.

ఇక పని సంగతి. ఓడల షెడ్డులో ముప్పయ్యారేళ్ళు నేను చేసింది ఇదే. రేకు వెనకాల తుప్పు తిన్నదీ లేనిదీ సుత్తితో తట్టి చెప్పేవాణ్ణి. నాలుగో క్లాసు చదివినవాడి మాట విని ఇంజినీర్లు గీత గీసేవాళ్ళు. అప్పుడు చెవితో చెప్పేవాణ్ణి, ఇప్పుడు చెవి లేదు గనక చెయ్యి ఆనించి చూశాను. ఒక్కో మెట్టు మీదా కూర్చుని, అరచెయ్యి గోడ దగ్గర పెట్టి, చిన్న సుత్తితో తట్టాను. మంచి అతుకైతే మోచేతి దాకా జిల్లుమంటుంది. పదహారు మెట్లు జిల్లుమన్నాయి. మూడోది తడితే మణికట్టు దగ్గరే ఆగిపోయింది. పిలిచినా పలకని మనిషిలాగా.

అయస్కాంతం పదహారింటికీ అంటుకోకుండా జారిపోయింది. మూడోదానికి, గోడ పక్కన అతుకుని కప్పిన మూత రేకు అంచున పెడితే నిలబడింది. గట్టిగా కాదు, మొహమాటానికి పిలిస్తే వచ్చిన చుట్టంలాగా. కానీ నిలబడింది.

నీ వెల్డర్ని దారిలో పట్టుకున్నాను. వాడికి ఊరంతా నిదానం అని ఊరికే పేరు పెట్టలేదు. పలకరిస్తే పక్క వీధికి వెళ్ళాక తిరిగి చూస్తాడు. మా చెల్లి చెవిన పడకూడదన్నావు గనక వాణ్ణి ఏమీ అడగలేదు. మీ వెల్డింగ్‌కి పిల్లలు పుట్టారా అని మాత్రం అడిగాను. ఇంకా ఆలోచిస్తూ ఉండుంటాడు.

నేను నవ్వుతూనే రాస్తున్నాను గాని, నా చెయ్యి నవ్వట్లేదమ్మా.

తాత

జూన్ 14

తాతగారికి,

గారు అని రాశానంటే కోపం వచ్చిందని అర్థం చేసుకో.

నీ ఉత్తరం అందగానే నిదానం అన్నకి ఫోన్ చేసి, మూడో మెట్టు విప్పి చూడమన్నాను. మామ్మకి పలకలు బిగించడానికని చెప్పమన్నాను. గురువారం వచ్చాడట. ఆ పొద్దున నువ్వు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళావట. చెక్క తీసి, మూత రేకు విప్పి, లోపల లైటు వేసి పద్నాలుగు ఫోటోలు పంపాడు. తాతా, ఆ అతుకు అద్దంలాగా ఉంది. చేప పొలుసులు పేర్చినట్టు, ఒక్క చుక్క తుప్పు లేదు, ఒక్క సందు లేదు. సుత్తితో కొట్టి వీడియో కూడా పంపాడు. గంటలాగా మోగింది.

"చార ఏది అన్నా?" అంటే, "ఏ చారా లేదమ్మా. పెద్దాయన నాతో కూడా ఏదో పిల్లలు పుట్టారా అని మాట్లాడారు. మీతోనూ ఆడుకుంటున్నారేమో" అన్నాడు.

నేను భయపడి మా మేడమ్‌కి మొత్తం చెప్పేశాను. నా మొదటి పనిలో తప్పుందేమోనని, మా తాత చెయ్యి పెట్టి కనుక్కున్నాడని. ఫోటోలు వచ్చాక ఆవిడ మీటింగులో అందరి ముందూ, "మనం ఇక నుంచి టెస్టింగ్ మిషన్లు కొనక్కర్లేదు, వాళ్ళ తాత అరచెయ్యి ఉంది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను!

మామ్మ కళ్ళజోడులో ఒక అద్దం తీసేసి, నీకు సగం చూపు పోయిందని పొద్దంతా ఏడిపించినవాడివి నువ్వు. నాకు పదో క్లాసు రిజల్టు వచ్చినరోజు నా నంబరు పేపర్లో లేదని చెప్పి, నేను ఏడుపు మొదలెట్టాక పేపరు రెండో పేజీ తీసినవాడివి. నీ ఆటలంటే నాకు ఇష్టమే. కానీ ఇది ఆట కాదు. నాలుగు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. కళ్ళు మూస్తే మామ్మ పడిపోవడమే కనిపించింది.

మామ్మకి ఫోన్ చేసి చెప్పేశాను, ఇరవై అయిదున ధైర్యంగా క్లాసు మొదలుపెట్టుకోమని. మిషన్లు ఎక్కించడానికి మనుషుల్ని కూడా మాట్లాడుకుందట, పాలిష్ ఇంకా చేతికి అంటుకుంటోందని ఆగిందట. ఆరగానే ఎక్కిస్తారు.

ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు.

మనవరాలు

జూన్ 17

మనవరాలు గారికి,

మీరు గారు పెడితే నేనూ పెడతాను.

పొద్దున నీ ఉత్తరం చదివాను. మధ్యాహ్నం మళ్ళీ చదివాను. మా చెల్లి నా మొహం చూసి, "ఏమైంది, ఎవరైనా పోయారా" అంది. నా పరువు పోయిందన్నాను. "ఓస్, అది ఎప్పుడో కదా" అని కుట్టు పనిలో పడింది.

సరే, నేను దొంగనే. అద్దం తీశాను. పేపరు దాచాను. ఇంకా నీకు తెలియనివి చాలా ఉన్నాయి, అవి నాతోనే పోతాయి. కానీ అమ్మాయ్, నేను మనుషులతో ఆడుకుంటాను, ఇనుముతో ఎప్పుడూ ఆడలేదు. షెడ్డులో నేను బాగుందని చెప్పిన రేకు వెనకాల ట్యాంకులోకి మనుషులు దిగేవాళ్ళు. నా మాట మీద దిగేవాళ్ళు. పొద్దున్నించీ సాయంత్రం దాకా వాళ్ళని ఏడిపించేవాణ్ణి, వాళ్ళ డబ్బాల్లో అన్నం తినేసేవాణ్ణి, చెప్పులు మార్చేసేవాణ్ణి. సుత్తి పట్టుకున్నాక మాత్రం ఒక్క అబద్ధం చెప్పలేదు. ఒక్కటి చెప్పి ఉంటే ఎవడో ఒకడు ఇంటికి వెళ్ళేవాడు కాదు.

నిదానం ఏం ఫోటో తీశాడో నాకు తెలీదు. నేను లేనప్పుడు వచ్చాడు. వాడు అద్దంలాగా ఉందంటే అద్దంలాగానే ఉండుంటుంది, వాడికి అబద్ధం చెప్పేంత ఓపిక లేదు. కానీ నా చార నా కళ్ళ ముందే ఉంది. నిన్న కూడా పైకి పోయి, పై గది గుమ్మంలో కూర్చుని, కాళ్ళు కిందకి జార్చి రెండు మెట్లు దిగాను. మూడోదాని మీద చెయ్యి పెట్టి తట్టాను. అప్పటికంటే ఇంకా మెత్తగా పలికింది. మూత రేకు కింద గోకితే గోట్లోకి ఎర్రటి పొడి వచ్చింది. ఆ పొడి ఈ కాయితం మడతలో పెట్టి పంపుతున్నాను. టీ పొడి కాదు. కావాలంటే నీళ్ళు మరగబెట్టి చూసుకో.

ఇంతకంటే నేను ఏం చెప్పాలో నాకు తెలీదు. నమ్మితే నమ్ము. నీ మేడమ్‌తో చెప్పు, నా అరచెయ్యి అద్దెకి ఇవ్వబడదని.

తాత

జూన్ 20

తాతా తాతా తాతా,

నువ్వు పైనుంచి లెక్కపెడతావా?

"గుమ్మంలో కూర్చుని రెండు మెట్లు దిగాను, మూడోదాని మీద చెయ్యి పెట్టాను" అని చదివి, డ్రాయింగు తీసి మళ్ళీ లెక్కపెట్టాను. ఓడ లోపలికి దిగేవాడికి మొదటి మెట్టు పైదే కదా. ముప్పయ్యారేళ్ళు నువ్వు అలాగే లెక్కపెట్టి ఉంటావు. నేను ఇల్లు కట్టేదాన్ని, నాకు మొదటి మెట్టు నేల మీదది. నువ్వు మూడోది అంటే నేను కింద నుంచి మూడోది విప్పించాను. నీ మూడోది నా పదిహేనోది. మనిషి నిలువెత్తు దాటిన చోట ఉన్నది.

పదిహేనో మెట్టు అనగానే నాకు అన్నీ గుర్తొచ్చాయి. ఆ రోజు నాకు జ్వరం. పద్నాలుగు అతుకులూ నా కళ్ళ ముందే పడ్డాయి, ఒక్కోటీ చూసి, చాక్‌తో టిక్కు పెట్టాను. మధ్యాహ్నం వణుకు పుట్టి వెళ్ళి పడుకున్నాను. మర్నాడు వచ్చేసరికి పదిహేనోది అయిపోయి, మూత రేకు కూడా బిగించేసి ఉంది. "అయిందా అన్నా?" అన్నాను. "అయిందమ్మా" అన్నాడు. విప్పించలేదు. టిక్కు పెట్టేశాను. పదహారూ పదిహేడూ దగ్గరుండి చూశాను.

ఇవాళ నిదానం అన్నకి ఫోన్ చేసి గట్టిగా అడిగితే చెప్పాడు. ఆ రోజు నా కడ్డీల డబ్బా అయిపోయింది. కొత్త డబ్బా నా బండిలో ఉంది, నేను మంచం మీద ఉన్నాను. జ్వరంలో ఉన్న పిల్లని లేపడమెందుకని తన సంచిలో ఉన్న మామూలు కడ్డీతో ఆ ఒక్కటి పూర్తి చేశాడు. మంచి స్టీలు మధ్యలో మామూలు ఇనుము పడితే, ఉప్పు తడి తగలగానే ఆ మామూలుదాన్నే ముందు తినేస్తుంది తాతా. చుట్టూ మంచి స్టీలు ఎంత ఎక్కువుంటే అంత తొందరగా తింటుంది. మిగతా పదహారూ బాగుండటమే దానికి శత్రువైంది.

తప్పు అతనిది కాదు. టిక్కు నాది.

నీ పొడి నా బల్ల మీద ఉంది. నువ్వు అబద్ధం చెప్పావని నేను మేడమ్ ముందు ఒప్పేసుకున్నాను. ఆ సంగతి తల్చుకుంటే ఎక్కడైనా దూరి కూర్చోవాలనిపిస్తోంది.

మామ్మకి ఫోన్ చేసి అన్నీ చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను. "ఎవరూ ఎక్కలేదు లేవే, ఆ దిక్కుమాలిన పాలిష్ ఇంకా ఆరలేదుగా" అంది. 

సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా ఎల్లుండి పొద్దున బస్సుకి వస్తున్నాను. ఈ ఉత్తరం కంటే నేనే ముందు చేరతానేమో. చేతులు ఖాళీగా ఉండలేక రాస్తున్నాను. నువ్వు మాత్రం మళ్ళీ ఆ మెట్టు మీద కూర్చోకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ మనవరాలు

జూలై 1

తాతా,

క్షేమంగా చేరాను. బస్సులో దారి పొడుగునా చేతులకి వెల్డింగ్ వాసనే.

అక్కడ ఉన్న వారం రోజులూ నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. మాట్లాడినా నీకు వినపడదు, అది వేరే సంగతి. మూత రేకు విప్పినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు గాని నా మొహం చూడలేదు, మంచిపని చేశావు. ఆ అతుకు బిస్కెట్ నీళ్ళలో నానినట్టుంది. నిదానం అన్న ఉలి పెట్టి రెండే దెబ్బలు కొట్టాడు, మెట్టు స్టీలు చెయ్యి ఊడి వచ్చేసింది. అతను ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాడు. "నేను లేపాల్సింది కదమ్మా" అన్నాడు. అతను అంత త్వరగా ఒక మాట అనడం అదే మొదటిసారి.

రెండు దెబ్బలు. మిషన్ మోసే ఇద్దరు మనుషుల బరువు అంతకంటే తక్కువేం కాదు.

కొత్త అతుకు నా కళ్ళ ముందు, సరైన కడ్డీతో పడింది. పదిహేడూ విప్పి చూశాను. ఒక్కో మెట్టు పక్కనా గోడ మీద నంబరు రాయించాను, కింద నుంచి ఒకటి, రెండు అని. నువ్వు దాని కింద చాక్‌తో పై నుంచి లెక్క రాశావని మామ్మ చెప్పింది. ఉంచు, చెరపకు. మేడమ్‌కి అన్నీ రాసిచ్చాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇకపై ప్రతి మెట్టు దగ్గరా రెండు లెక్కలూ రాయాలని ఆవిడే అంది.

వాయిదా పడ్డ క్లాసు ఇవాళే కదా మొదలైంది. మామ్మ ఫోన్ చేసింది. మిషన్ల చప్పుడుకి తన గొంతు వినపడలేదు, సంతోషంగానే ఉందని అర్థమైంది.

ఒక్కటి మాత్రం నన్ను పీకుతోంది. ఆ పాలిష్. అది ఆరకపోవడం వల్లే అందరూ బతికారు, నిజమే. కానీ ఎందుకు ఆరలేదు? అదే పాలిష్ ఇక్కడ వాడాను, ఇక్కడ గాలి ఇంకా చెమ్మగా ఉంటుంది, రెండు రోజుల్లో ఆరిపోయింది. అక్కడ మూడు వారాలు ఎందుకు పట్టింది? చెక్కలో నీరు ఉండిపోయిందేమో. నీరుంటే లోపల పుచ్చుతుంది, ఇంకో ఏడాదికి పలకలు విరుగుతాయి. ఒక అతుకు చూడకుండా వదిలేసి ఇంత తెచ్చుకున్నాను, ఇంకోటి వదలను. పాలిష్ కంపెనీకి ఫిర్యాదు రాశాను, రేపు పంపుతాను. ఆదివారం వచ్చి మెట్ల చెక్క మొత్తం పీకించేద్దామనుకుంటున్నాను. మామ్మ క్లాసు మళ్ళీ ఆగిపోతుంది, తిడుతుంది, తప్పదు. నీకేమైనా తెలిస్తే చెప్పు.

నీ మనవరాలు

జూలై 4

నా బంగారు తల్లికి తాత ఆదరాబాదరాగా రాసేది,

పీకించకు. ఫిర్యాదు పంపకు. పంపేసి ఉంటే వెనకాలే పరిగెత్తి పట్టుకో. చెక్కకి ఏ రోగమూ లేదు. రోగం నేను.

నువ్వు భయపడుతున్నావని చదివి నాకు భయం పట్టుకుంది, లేకపోతే ఇది చచ్చినా చెప్పేవాణ్ణి కాదు. నీకు మొదటిసారి అయస్కాంతం సంగతి రాసి పోస్టు డబ్బాలో వేసి ఇంటికొచ్చాక, కుర్చీలో కూర్చుని ఆలోచించాను. ఉత్తరం వెళ్ళాలి, నువ్వు చదవాలి, ఏదో ఒకటి చెయ్యాలి. ఈలోగా మా చెల్లి మిషన్లు ఎక్కించేస్తానంటోంది. దానికి చెప్పొద్దని నువ్వు రాశావు. చెప్పినా ఏం లాభం? ఈ ఇంట్లో నా మాట విలువ నాకు తెలుసు. "మెట్లు ఎక్కొద్దే, విరుగుతాయి" అని నేనంటే, అది నన్ను ఓడించడానికి మిషన్ నెత్తి మీద పెట్టుకుని మరీ ఎక్కి చూపించేది. నలభై ఏళ్ళుగా నేనే దాన్ని అలా తయారు చేశాను. నన్ను ఎవరూ నమ్మరు గాని, తడి పాలిష్‌ని అందరూ నమ్ముతారు. అందులోనూ ఈ ఊళ్ళో ఏదైనా ఆరలేదంటే ఎవరూ రెండో మాట అడగరు.

వడ్రంగి వదిలేసిన డబ్బాలో అడుగున ఇంకా ఉంది. రోజూ తెల్లారగానే, అది లేవకముందే, పాత గుడ్డ ముంచి కింద నాలుగు మెట్లకి కొత్తగా పూసి వచ్చేవాణ్ణి. నువ్వు అన్నట్టు కింద నుంచే లెక్కపెట్టాను చూశావా. నాకు పైకి పోవాల్సొస్తే గోడ పక్కన ఒక్క అడుగు మేర వదిలి పూసుకున్నాను. అది వచ్చి వేలు పెట్టి చూసేది, అంటుకునేది, సముద్రాన్ని తిట్టుకుంటూ లోపలికి పోయేది. మిషన్లు ఎక్కించే మనుషులు రెండుసార్లు వచ్చి వెనక్కి పోయారు. ఒకడు నాతో "మీ ఇంటి మెట్లకి చెమటలు పడుతున్నాయండీ" అన్నాడు. నాకూ పడుతున్నాయన్నాను. అది మాత్రం అబద్ధం కాదు. ఒక్కరోజు నేను నిద్రలేవడం ఆలస్యమైతే ఏమవుతుందోనని తలగడ కింద సుత్తి పెట్టుకుని పడుకునేవాణ్ణి, నడుముకి గుచ్చుకుంటే మెలకువ వస్తుందని.

నువ్వు నన్ను దొంగ అన్న ఉత్తరం వచ్చిన మర్నాడు కూడా పూశాను. కోపంతో కాస్త మందంగా పూశాను. ఆ రోజే మా చెల్లి ఎడం చెప్పు మెట్టుకి అంటుకుపోయి, కాలు మాత్రం బయటికొచ్చింది. అది ఆ చెప్పుని సాక్ష్యంగా సంచిలో వేసుకుని పాలిష్ కొట్టుకి పోయింది. నేను కూడా వెనకాలే పోయాను, చూడకుండా ఎలా ఉంటాను! కొట్లో నలుగురి ముందు చెప్పు బల్ల మీద పెట్టి, "ఇది పాలిషా, జిగురా?" అని అడిగింది. కొట్టాయన చెప్పు తిప్పి చూశాడు, డబ్బా మీద తారీకు చూశాడు, మొహం తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఎప్పుడూ ఇలా జరగలేదమ్మా అన్నాడు. నన్ను చూసి, "మీరైనా చెప్పండి పెద్దాయనా" అన్నాడు. నాకు చెవులు వినపడవని చేత్తో చూపించాను.

పాపం, మంచివాడు. నువ్వు వచ్చినప్పుడు వెళ్ళి ఆయనకి నా తరఫున క్షమాపణ చెప్పు. మా చెల్లికి తెలియకుండా చెప్పు. దాని చెప్పు సంగతి తెలిస్తే నన్ను తువ్వాలు జేబులో పెట్టి కుట్టేస్తుంది. ఆయన ఆ రోజు కొత్త డబ్బా ఒకటి తీసి ఊరికే ఇచ్చాడు. ఇది కంపెనీవాళ్ళు కొత్తగా తెచ్చిన రకం, ఎంత చెమ్మ గాలైనా గంటలో ఆరిపోతుంది, నాదీ పూచీ అన్నాడు.

ఆయన మాట నిజమే. గంటలోనే ఆరిపోయింది. అందుకే ఆ రోజు నుంచీ రోజుకి ఆరుసార్లు పూయాల్సి వచ్చింది.

ఇట్లు,
భుజాలు పట్టేసిన నీ తాత